సందేహికి గుడి కట్టుట

ప్రశ్నించువాని నోరు మూయించుటకు లోకమునకు రెండు మార్గములు తెలియును. ఒకటి వానిని చంపుట. రెండవది వానిని పూజించుట. ఏథెన్సు పౌరులు క్రీస్తునకు పూర్వము 399వ సంవత్సరమున సోక్రటీసుపై దైవద్రోహము మోపి విషపాత్ర నిచ్చిరి. రోమునగరమున 1600వ సంవత్సరమున బ్రూనోను సజీవముగా దహించిరి. ఇవి మొదటి మార్గమునకు నిదర్శనములు. మనవారు సాత్త్వికులని ప్రతీతి. మనము తఱచుగా రెండవ మార్గమునే త్రొక్కితిమి. సందేహించినవాడు బ్రతికియున్నంతకాలము వానిని వెఱ్ఱివాడనియు భ్రష్టుడనియు దూషింతుము. చనిపోయిన పిమ్మట వానికి గుడి కట్టుదుము. చంపబడినవాని మాట ఒక్కొక్కప్పుడు శత్రువుల గ్రంథములలోనైన మిగులును. పూజింపబడినవాని మాటయో, వాని మెడలోని పూలదండల క్రిందనే పూడిపోవును. ఈ రెండవ వధ మొదటిదానికంటె తక్కువ క్రూరమైనది కాదని మా తలంపు. ఈ సంగతిని మా పాఠకులకు, ముఖ్యముగా బిడ్డల చదువుసంధ్యలను చూచుకొను తల్లులకును తండ్రులకును, విన్నవింపబూనితిమి.

ఉదాహరణమునకై దూరదేశములకు పోనక్కఱలేదు. కడప మండలమున, మైలవరపు జలాశయమునకు ఎగువగా, పెన్నానది ఎఱ్ఱమల కొండలను నిలువున కోసికొని పాఱును. ఆ లోయ గట్టుపై గండికోట యున్నది. ఆ కోటలో మాధవరాయస్వామి గుడి కలదు, రంగనాథస్వామి గుడి కలదు, జుమ్మామసీదు కలదు. దేవుని పేర ఇన్ని ఱాళ్లు పేర్చిన యీ సీమలోనే, ఆ ఱాళ్లలో దేవుడున్నాడా యని అడిగినవాని పద్యములు కాపువాని నోటను, గొల్లవాని నోటను, బిచ్చగాని నోటను నేటికిని ఆడుచున్నవి. మైలవరము మొదలు జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల వఱకు అక్షరము రానివానికిని వేమన పద్యము వచ్చును. ఆయన కడపసీమ కాపుబిడ్డ యని కొందఱును, కొండవీటి రెడ్ల వంశమువాడని కొందఱును చెప్పుదురు. పదునేడవ శతాబ్దివాడని పెక్కుమంది పండితుల మతము. కదిరి ప్రాంతమున కటారుపల్లెలో ఆయన సమాధి యని చూపు స్థలము కలదు.

ఈ వేమన దేనిని సందేహించెను? గుడిని సందేహించెను; విగ్రహమును సందేహించెను; తీర్థయాత్రను, ఉపవాసమును, పితృకర్మను, కులమును సందేహించెను. ఱాతినందికి మ్రొక్కి కాడిక్రింద నున్న ప్రాణముగల యెద్దును బాదు రైతును నిలువదీసి అడిగెను. చచ్చిన పెద్దలకు కాకుల ద్వారమున అన్నము పంపగలమని నమ్మువారిని ఎగతాళి చేసెను. శైవుని, వైష్ణవుని, తురకను ఎవ్వరిని విడువలేదు. అట్లని ఆయన నాస్తికుడని మేము చెప్పబోము. ఆయన పేర నున్న పద్యములలో శివుని మాట కలదు, యోగము మాట కలదు, గురుని మాట కలదు. దైవము లేదనుట ఆయన పక్షము కాదు. దైవమును గూర్చి నలుగురును చెప్పు మాటను పరీక్షింపక ఒప్పుకొనకుండుటయే ఆయన పక్షము. వేమనను పూర్తిగా తమవానినిగా చేసికొనజూచు నేటి హేతువాదులలో కొందఱు ఈ భేదమును దాటవేయుదురు. అదియు న్యాయము కాదు.

అట్టివానిని మనవారెట్లు చూచిరి? ఆలంకారికులు ఆయనను కవిగా నెన్నలేదు. ఆటవెలదిలో ఊరిమాట చెప్పినవానికి పండితగోష్ఠిలో పీట వేయలేదు. ఆయనను వెదకి పట్టి అచ్చునకు తెచ్చినవాడు పరదేశి. చార్లెసు ఫిలిప్పు బ్రౌను 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చి తెలుగు నేర్చెను. దుబాయి యను ఫ్రెంచి పాదిరి తన గ్రంథమున వేమనను పేర్కొనగా చూచి, 1824లో మచిలీపట్టణమున నుండగా ఆ పద్యములకై ఆరాటపడి వ్రాతప్రతులు కూర్చెను. 1829లో 693 పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. 1839లో 1164 పద్యములతో మరల ప్రకటించెను. పిమ్మట తొంబదేండ్లకుగాని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి యుపన్యాసములు 1929లో గ్రంథరూపమున వెలువడి వేమనకు సాహిత్యలోకమున తగిన యాసనము నీయలేదు.

ఇంతవఱకు తిరస్కారము. ఇక పూజ యెట్లు జరిగినదో చూడుడు. వేమన పేరునకు ముందు "యోగి" యను మాట తగిలించితిమి. ఆయన ఇనుమును బంగారము చేసెనని కథలల్లితిమి. సమాధిపై గుడి వెలసెను. ఏటేట ఉత్సవము జరుగుచున్నది. పుట్టిన యేడే నిశ్చయముగా తెలియని మనుష్యునకు జనవరి 19 జయంతియని తిథి నిర్ణయించితిమి. కడపలో 2006లో ఏర్పడిన విశ్వవిద్యాలయమునకు యోగివేమన యని పేరు పెట్టితిమి. ఆయన పేర విద్యాలయము వెలయుట మాకు సంతోషమే. ఆ పేరులో సగము ఆయన ప్రశ్నకు కప్పిన కాషాయమని మాత్రము చెప్పక తప్పదు. బడిపిల్లలకు మనము నేర్పు పద్యము లెట్టివి? ఉప్పును కర్పూరమును పోల్చినవి, అల్పుని సజ్జనుని పోల్చినవి. అవి మంచివే. గుడిని గూర్చి, కులమును గూర్చి, కర్మకాండను గూర్చి అడిగినవి మాత్రము వాచకములలో చోటు దొరకక వాకిటనే నిలుచును. పులిని పట్టి గోళ్లు కత్తిరించి, పిల్లల యాటకిచ్చి, అదే పులి యని చెప్పుచున్నాము.

వేమన యొక్కడే యిట్లు మ్రింగబడినవాడు కాడు. ఈశ్వరకర్తృత్వము నంగీకరింపని బుద్ధుని విష్ణువు దశావతారములలో చేర్చితిమి. అసురులను మోసగించుటకే విష్ణు వా రూపమున అబద్ధము బోధించెనని పురాణములు వ్రాసితిమి. ఆయనను నమస్కరింపవచ్చును, ఆయన మాట వినరాదు అనుటయే గదా దీని తాత్పర్యము! లోకాయతుల గ్రంథములు నిలువలేదు. వారి మతము పదునాలుగవ శతాబ్దిలో మాధవాచార్యుడు తన సర్వదర్శనసంగ్రహమున ఖండించుటకై మొదటి యధ్యాయముగా పెట్టినందుననే మన కింతైన తెలియుచున్నది. ధర్మరాజు పట్టాభిషేకమునాడు యుద్ధమునందలి బంధువధను తప్పుపట్టిన చార్వాకుని భారతమున రాక్షసునిగా జేసి బ్రాహ్మణుల హుంకారముతో కాల్పించిరి. బంధువులను చంపి గద్దె నెక్కుట తగునా యని అడిగిన ఆ ప్రశ్న కాలిపోయినదా? పాఠకులే యోచింతురుగాక.

కడప మండలముననే మఱియొక యుదాహరణము. పోతులూరి వీరబ్రహ్మముగారు సందేహవాది కారు, ఆస్తికులు. అయినను కులమును ధిక్కరించి, దూదేకుల సిద్దయ్యను ప్రధానశిష్యునిగా చేసికొనిన ధీరులు. కందిమల్లాయపల్లెలో ఆయనకు మఠమున్నది. వరద వచ్చినను, కఱవు వచ్చినను, క్రొత్త రోగము వచ్చినను "బ్రహ్మముగారు ముందే చెప్పినా"రందుము. ఆయన కులమును గూర్చి చెప్పినది మాత్రము మన యింటి పెండ్లిసంబంధము వచ్చిననాడు ఒక్కరికిని జ్ఞాపకము రాదు. భవిష్యత్తు చెప్పినవానిని పట్టుకొని, వర్తమానమును తిట్టినవానిని విడిచిపెట్టితిమి.

ఇవి పాతకాలపు చేష్టలందురా? భగతుసింగు 1930లో లాహోరు చెఱసాలలో తా నేల నాస్తికుడనో వివరించి వ్యాసము వ్రాసెను. 1931 మార్చి 23న ఉఱికంబ మెక్కెను. నేడాయన పటమునకు బొట్టుపెట్టి పూలదండ వేయువారిలో ఆ వ్యాసము చదివినవా రెందఱు? తన మరణానంతరము మతకర్మ లేవియు చేయవలదని జవహర్‌లాల్ నెహ్రూ 1954లో మరణశాసనమున స్పష్టముగా వ్రాసెను. 1964లో ఆయన మరణింపగా మంత్రములతోనే దహనము జరిగెను. దేశమునకు ప్రధానమంత్రియైనవాని తుదికోరికకే దిక్కు లేనిచో, పల్లెటూరి సందేహి గతి చెప్పనేల?

ఇక మాకు ప్రత్యుత్తరముగా చెప్పబడు మాటలు మూడు. మొదటిది: "సందేహము పరదేశపు సరకు, మన ధర్మమునకు విశ్వాసమే మూలము." ఇది చరిత్ర తెలియనివారి మాట. థామస్ హక్స్‌లీ తనకు తెలియనిదానిని తెలిసినదని చెప్పజాలనని 1869లో అజ్ఞేయవాది యను పేరు కల్పించుకొనిన మాట నిజమే. కాని ఈ సృష్టి యెక్కడనుండి వచ్చినదో, పైనుండి చూచువానికైన తెలియునో తెలియదో యని ఋగ్వేదపు పదవ మండలమున నాసదీయసూక్త మడుగుచున్నది. బుద్ధుని కాలముననే సంజయ బేలట్ఠిపుత్రుడు పరలోకము కలదనియు చెప్పను, లేదనియు చెప్పను అనెను. రామాయణమున జాబాలి రామునితోనే వాదించెను. వేయేండ్లకు పైగా ఈ గడ్డపై మొలచినదానిని పరదేశపు సరకనుట మన పెరటిచెట్టును మనమే గుర్తింపకుండుట.

రెండవది: "దైవభయము పోయినచో నీతి పోవును." ఈ వాదము వినసొంపైనది, ఎందఱో సజ్జనులు మనఃపూర్వకముగా నమ్మినది. కావున దీనికి తర్కముతోగాక తెలుగువారి జీవితములతో బదులు చెప్పుదుము. త్రిపురనేని రామస్వామి చౌదరిగారు (1887–1943) బారిస్టరై ధన మార్జింపగలిగియుండియు సూతపురాణాదులు వ్రాసి దూషణము లార్జించిరి. అర్థము తెలియని మంత్రములకు మాఱుగా తెలుగుననే వివాహవిధి రచించి పెండ్లిండ్లు జరిపించిరి. తెనాలి పురపాలక సంఘాధ్యక్షులై జాతరలో జంతుబలిని మాన్పబూని పదవికే ముప్పు తెచ్చుకొనిరి. నోరులేని జీవముల ప్రాణము నిలుపుటకు పదవిని పణముగా పెట్టిన యీ సందేహి నీతిహీనుడా?

గోరా యని ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు (1902–1975) నాస్తికుడన్న కారణముచే 1933లో కాకినాడలో కళాశాల యుద్యోగమును పోగొట్టుకొనిరి. 1940లో భార్య సరస్వతిగారితో గూడి కృష్ణామండలమున ముదునూరిలో నాస్తికకేంద్రమును స్థాపించి, అంటరానివారని త్రోసివేయబడిన వారితో గలసి భుజించిరి, గలసి బ్రతికిరి. గాంధీజీ దైవభక్తుడు, గోరా నాస్తికుడు. వీరిరువురును 1944లో సేవాగ్రామమున కలిసికొని వాదించుకొనిరి. ఒకరినొకరు మార్చుకొనలేదు, విడువనూలేదు. గోరాగారు తమ కుమార్తెను హరిజనయువకున కీయ నిశ్చయింపగా, ఆ వివాహమును సేవాగ్రామముననే జరిపింతుననియు, దైవము పేర గాక సత్యము పేర జరిపింతుననియు గాంధీజీ యొప్పుకొనెను. ఆయన హత్యానంతరము 1948 మార్చిలో ఆ వివాహము అక్కడనే జరిగెను. ఆస్తికులమని చెప్పుకొను మనలో నెందఱము మన కుమార్తె కట్టి సంబంధము చేయగలము? దైవభయము గల యిండ్లలోనే కట్నము లెక్కపెట్టబడుట లేదా? కావున భయము వేఱు, నీతి వేఱు. భయముచే మంచివాడైనవాడు చూచువారు లేనిచోట ఏమగునో మనకు తెలియును.

మూడవది: "దుఃఖమున నున్నవానికి విశ్వాస మొక్కటే ఊఱట, దానిని లాగికొనుట నిర్దయ." ఈ మాటను మేము తేలికగా త్రోసివేయము. బిడ్డను పోగొట్టుకొనిన తల్లి రాత్రివేళ ఏ పేరు తలచికొని నిద్రపోవునో ఆ పేరును మేము లాగికొనము; అట్లు లాగికొనువాడు సంస్కర్త కాడు. కాని ఆ బిడ్డ యేల పోయెనో కూడ అడుగవలెను. ఒకప్పుడు మశూచి వచ్చినచో "అమ్మవారు పోసిన"దని వేపమండలు కట్టి, మ్రొక్కులు మ్రొక్కి, బిడ్డను అమ్మకు వదలివేసెడివారు. ఇది అమ్మవారా, అంటురోగమా యని ఎవరో ఒకరు సందేహించిరి. 1796లో జెన్నరు ఆవుమశూచిరసముతో టీకా వేసి చూపెను. 1980లో ప్రపంచారోగ్యసంస్థ లోకమున మశూచి లేదని ప్రకటించెను. ఎన్ని కోట్ల తల్లులకు కడుపుకోత తప్పినది! ఇంతకంటె దయగల యూఱట ఏ మ్రొక్కు ఇచ్చెను? నేటికిని పాము కఱచినవానిని పొలమునుండి తిన్నగా ఆస్పత్రికి కొనిపోయి విషమునకు విఱుగుడు సూదిమందు వేయింపక, ముందు మంత్రగాని గుమ్మము త్రొక్కించువారు మన సీమలో లేకపోలేదు. అక్కడ పోవు గడియలే ప్రాణము. సందేహము నిర్దయ యనువారు ఆ గడియలకు లెక్క చెప్పుదురుగాక.

మొదటి మార్గమును మనము పూర్తిగా విడిచితిమని సంతసించుటకు గూడ వీలులేదు. మూఢనమ్మకముల నెదిర్చిన నరేంద్ర దభోల్కరును 2013 ఆగస్టు 20న పుణె వీథిలో కాల్చి చంపిరి. వచనసాహిత్యమును మథించిన పండితుడు కల్బుర్గిని 2015 ఆగస్టు 30న ధారవాడలో ఆయన యింటి గుమ్మముననే కాల్చి చంపిరి. ఆ ధారవాడ మన రాయలసీమకు పొరుగుననే యున్నది. బ్రతికిన సందేహికి తుపాకి, చచ్చిన సందేహికి గుడి! కటారుపల్లెలో వేమనకు కొబ్బరికాయ కొట్టు చేయియు, వేమనవలె మాటలాడినవానిపై లేచిన చేయియు వేఱువేఱు మనుష్యులవే కావచ్చును. కాని మొదటి చేయి వేమన మాటను దాచిపెట్టనిచో రెండవ చేయి యింత సులభముగా లేచియుండునా యని మేమడుగుచున్నాము.

చట్టము మనకంటె ముందున్నది. బ్రాడ్లా యను ఆంగ్లేయ నాస్తికుడు 1880లో పార్లమెంటున కెన్నికయ్యును, దైవము పేర ప్రమాణము చేయువిషయమై వివాదము పుట్టి 1886 వఱకు స్థిరముగా పీఠ మెక్కలేకపోయెను. అట్టి పోరాటముల ఫలముగా నేడు మన రాజ్యాంగము ప్రమాణము చేయువానికి దైవము పేరనో, ఆత్మసాక్షిగనో తనకు తోచినట్లు చేయు స్వేచ్ఛ నిచ్చినది. 1976లో చేర్చిన ప్రాథమిక విధులలో శాస్త్రీయదృష్టిని, జిజ్ఞాసను పెంపొందించుట ప్రతి పౌరుని విధి యని వ్రాయబడినది. అనగా ఈ దేశమున సందేహించుట నేరము కాకపోగా కర్తవ్యము. కాగితముపై నున్న యీ కర్తవ్యము గడప దాటి యింటిలోనికి రాలేదు. బల్లి మీద పడినచో నేమగును అని బిడ్డ యడిగిన శాస్త్రము చెప్పుదుము. ఏల అగును అని యడిగిన చెంప మీద చెప్పుదుము. జాతకమున కుజదోషమున్నదని మంచి పిల్లను త్రోసివేసి, ఆ దోషమును కనిపెట్టిన దెవరని అడుగుటకు జంకుదుము. వివాహములలో, శుభకార్యములలో విధవయైన తల్లిని వెనుకగదిలో కూర్చుండబెట్టి, ముందుగదిలో వేమన పద్యములు వల్లించు మనుమనికి బహుమాన మిత్తుము. ఆ ముసలితల్లి వెనుకగదిలోనుండి ఆ పద్యములు వినుచునే యుండును.

మేము కోరునది మిక్కిలి స్వల్పము. ఎవ్వరిని దైవమును విడువుమని అడుగుట లేదు. గుడికి పోవువానిని ఆపుట లేదు. వీరేశలింగముపంతులుగారు ఆస్తికులై యుండియే శాస్త్రమని చెప్పబడినదానిని సందేహించి 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిరి. విశ్వాసియైనను సందేహింపవచ్చును, సందేహింపవలెను. మీ యింట వేమన పద్యములపుస్తక మున్నచో, వాచకములు విడిచిపెట్టిన పద్యములను ఈ వారము బిడ్డలతో గూడ బిగ్గరగా చదువుడు. చదువుచుండగా "ఇది నిజమేనా, నాయనా?" యని వారడిగినచో, తెలిసినంతవఱకు చెప్పి, తెలియనిచోట "నాకు తెలియదు" అని చెప్పుడు. తండ్రి నోట ఆ మాట విన్న బిడ్డకు జ్ఞానమునకు దారి తెఱచుకొనును. ఆ మాట యెన్నడును వినని బిడ్డకు అన్నియు తెలిసినట్లు నటించు విద్య మాత్రమే వచ్చును. వేమనకు గుడులు చాలినన్ని యున్నవి. ఆయన పద్యము లన్నియు విడువక చదువు ఇండ్లే తక్కువగా నున్నవి.